ఉవారొవ్ మూడు మాటల నుంచి భూమి డిక్రీ దాకా: జారు పక్షం, విప్లవ పక్షం ఒకే రైతును నమ్ముకున్నాయా?

మెట్లదారి (ప్రశ్న)

రష్యా విప్లవం మీద తెలుగులో వచ్చిన రాతలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. జారు వైపు కొరడా, పోలీసు, సైబీరియా. విప్లవకారుల వైపు సిద్ధాంతం, పార్టీ, కార్యక్రమం. జారుకు బలగం తప్ప ఆలోచన లేదేమో అనిపిస్తుంది. జారు విద్యామంత్రి ఉవారొవ్ చెప్పిన ఆర్థొడాక్స్ మతం, నిరంకుశత్వం, జాతీయత అనే మూడు మాటలు ఒక పేరాలో తళుక్కుమని మాయమవుతాయి.

మూడు సందేహాలు:

1. నిరంకుశత్వానికి నిజంగా ఒక రాజకీయ సిద్ధాంతం ఉందా? ఉంటే ఏ పత్రాల్లో చూడాలి?

2. 1906 తర్వాత డూమా (ఎన్నికైన చట్టసభ) ఉంది, మౌలిక చట్టాలు (రాజ్యాంగం లాంటివి) ఉన్నాయి, అయినా జారు బిరుదు మారలేదు. దాన్ని రాజ్యాంగబద్ధ రాచరికం అనొచ్చా?

3. నరోద్నిక్‌లు (రైతే విప్లవశక్తి అనుకున్న 19వ శతాబ్దపు విప్లవకారులు) రైతును నమ్మి చెడ్డారు, మార్క్సిస్టులు కార్మికుణ్ణి నమ్మి గెలిచారు అని చెప్పే కథ ఎంతవరకు నిలుస్తుంది?

పేర్లు, తేదీలు, పత్రాలతో చెబితే మేలు. "జారు క్రూరుడు" వరకు నాకూ తెలుసు.

---

పాదసూచిక

మొదటి ప్రశ్నలో మన భాషే కాలికి అడ్డం పడుతోంది, ముందు దాన్ని తీద్దాం. "నిరంకుశం" అంటే అంకుశం లేనిది, అదుపు చేసేవాడు లేనిది. రష్యన్ మాట "సమొదెర్జావియే" అక్షరార్థం అది కాదు. తన అధికారాన్ని తానే పట్టి నిలబెట్టుకోవడం, ఇంకొకరి కింద లేకపోవడం అని. గ్రీకు "ఆటోక్రటోర్"కు చేసిన మక్కికి మక్కి అనువాదం. మూడో ఇవాన్ కాలంలో ఆ మాట "నేను ఏ ఖానుకూ సామంతుణ్ణి కాను" అని చెప్పింది. "నా ప్రజల మీద నాకు హద్దు లేదు" అనే అర్థం తర్వాత వచ్చి చేరింది.

హద్దు లేకపోవడానికి రష్యన్‌లో వేరే మాట ఉంది: "నెఒగ్రానిచెన్నీ", అపరిమితం. 1832 చట్ట సంహిత మొదటి అధికరణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి: చక్రవర్తి "సమొదెర్జావ్నీ", "నెఒగ్రానిచెన్నీ" కూడా. ఆయనకు భయంతోనే కాక మనస్సాక్షితో కూడా లోబడమని దేవుడే ఆజ్ఞాపిస్తున్నాడని వెంటనే ఉంటుంది. మన "నిరంకుశత్వం" అచ్చంగా సరిపోయేది ఆ రెండో మాటకు. ఈ తేడా మీ రెండో ప్రశ్నకు తాళంచెవి.

ఇక సిద్ధాంతం సంగతి. ఒక్కటి కాదు, పొరలు పొరలుగా ఉంది. ప్రతి పొరా అధికారానికి వేరే పునాది చూపిస్తుంది.

మతం: ప్స్కోవ్ సన్యాసి ఫిలోఫెయ్ 16వ శతాబ్దం మొదట్లో రాసిన "మూడో రోమ్" మాటను అందరూ ఎత్తుకుంటారు. నా లెక్కలో దానికి అవసరానికి మించిన పేరు వచ్చింది. అది సామ్రాజ్య విస్తరణకు పథకం కాదు. రెండు రోములు కూలాయి, మూడోది నీ చేతిలో ఉంది, చర్చిని జాగ్రత్తగా చూసుకో అని పాలకుడికి చేసిన హెచ్చరిక.

చట్టం: మొదటి పీటర్ 1716 సైనిక నిబంధనల్లో చక్రవర్తి తన పనులకు లోకంలో ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదని రాయించాడు. 1721లో చర్చి అధిపతి అయిన పాట్రియార్క్ పదవి రద్దు చేసి, రాజ్యం కింద పనిచేసే పవిత్ర సినడ్ అనే మండలి పెట్టాడు. వారసుణ్ణి రాజే ఎంచుకోవచ్చన్న 1722 శాసనాన్ని సమర్థిస్తూ మతగురువు ఫెయొఫాన్ ప్రొకొపోవిచ్ వాదన అల్లాడు. తమాషా ఏమిటంటే అందులో దైవాజ్ఞతో పాటు పాశ్చాత్య ఒప్పంద సిద్ధాంతం కూడా ఉంది: ప్రజలు తమ సంకల్పాన్ని రాజుకు ధారపోశారు, ఇక వెనక్కి తీసుకోలేరు అని.

భూగోళం: రెండో కేథరిన్ 1767 "నకాజ్" (చట్టాలు రాసే సంఘానికి ఇచ్చిన సూచనల పత్రం)లో ఇంత విశాల దేశానికి ఒక్కడి చేతిలోని అధికారమే తగును, దూరాల వల్ల కలిగే ఆలస్యాన్ని నిర్ణయాల వేగమే పూడ్చాలి అంది. వాదన మాంటెస్క్యూ నుంచి తెచ్చుకున్నదే. కాకపోతే ఆయన పెద్ద సామ్రాజ్యాలకు దౌష్ట్యపాలన తప్పదన్నాడు, ఆమె ఆ మాట తీసేసి మెత్తటి మాట పెట్టుకుంది.

చరిత్ర: జారు సలహాదారు స్పెరాన్‌స్కీ 1809లో ఎన్నికైన డూమాతో సహా పాలనా సంస్కరణ పథకం రాశాడు. దానికి ఎదురుగా చరిత్రకారుడు కరమ్‌జీన్ 1811లో మొదటి అలెగ్జాండర్‌కు ఒక నివేదిక ఇచ్చాడు. అధికారం చీలినప్పుడల్లా రష్యా కూలింది, ఒక చేతికి వచ్చినప్పుడల్లా లేచింది, కాబట్టి దాన్ని తగ్గించే హక్కు జారుకు కూడా లేదు అని. చివరి ముక్క గమనించండి. జారు చేతులను కట్టేసింది ఇక్కడ నిరంకుశవాదే. రెండో నికొలాయ్ తలలో పాతుకుపోయింది ఈ తర్కమే: తండ్రి నుంచి వచ్చిన అధికారాన్ని చెక్కు చెదరకుండా కొడుక్కి అప్పగించాలి, పంచడానికి అది తన సొత్తు కాదు.

ఈ నాలుగు పొరల మీద ఉవారొవ్ 1833లో విద్యామంత్రిగా వేసిన కొత్త ఇటుక ఒక్కటే, "నరోద్‌నొస్త్". జాతీయత అని రాస్తాం గానీ అందులో "నరోద్" అంటే ప్రజలు, జనం. 1825 డిసెంబరు 14న సెనేట్ చౌకులో తిరగబడినవాళ్లు రైతులు కాదు, కులీన సైనికాధికారులు. పేస్తెల్ గణతంత్రం కోరాడు, నికీతా మురవ్యోవ్ రాజ్యాంగబద్ధ రాచరికం కోరాడు. ఇద్దరూ యూరప్ చదువుల వాళ్లే. దాంతో మొదటి నికొలాయ్ ప్రభుత్వానికి తోచిన సమాధానం ఇది: చదువుకున్నవాడు చెడిపోతాడు, చదువులేని జనం మాత్రం జారుతోనే ఉంటారు. ఆ జనం ఎవరో, వాళ్లకేం కావాలో ఉవారొవ్ ఎక్కడా చెప్పలేదు. ఆయన ఈ సూత్రాన్ని మొదట రాసుకున్నది ఫ్రెంచిలో!

---

ఎర్రగీత

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. 1906 ఏప్రిల్ 23న, డూమా తెరవడానికి నాలుగు రోజుల ముందు, కొత్త మౌలిక చట్టాలు వెలువడ్డాయి. 4వ అధికరణంలో "సమొదెర్జావ్నీ" ఉండిపోయింది, "నెఒగ్రానిచెన్నీ" పోయింది. ఆ ఒక్క మాట తీయడానికి త్సార్‌స్కొయె సెలో సమావేశాల్లో నికొలాయ్ చాలా గింజుకున్నాడు. అంటే పాదసూచిక గారు చెప్పిన లెక్కలో అంకుశం వచ్చింది, బిరుదు నిలిచింది.

కాగితం మీద అంకుశం గట్టిదే. 86వ అధికరణం ప్రకారం రాజ్య మండలి (ఎగువ సభ), డూమా రెండూ ఒప్పుకోకుండా కొత్త చట్టం రాదు. అది విఫలమైన చోటు చూడాలంటే 87వ అధికరణం యంత్రాంగం తెలియాలి:

డూమా సమావేశాల్లో లేనప్పుడు, అసాధారణ అవసరం ఉంటే, మంత్రి మండలి నేరుగా జారు సంతకంతో శాసనం తేవచ్చు. డూమా మళ్లీ కూడాక రెండు నెలల్లో దాన్ని బిల్లుగా పెట్టకపోయినా, ఏ సభ తిరస్కరించినా అది చెల్లదు. మౌలిక చట్టాలను, రెండు సభల నిబంధనలను, ఎన్నికల నియమాలను మాత్రం ఈ దారిలో ముట్టుకోకూడదు.

ప్రధానమంత్రి స్తొలీపిన్ దీన్ని ఎలా వాడాడో వరసగా చూడండి. 1906 ఆగస్టు 19న సైనిక క్షేత్ర న్యాయస్థానాలు పెట్టాడు. రెండో డూమా ముందు బిల్లు పెట్టకుండా వదిలేశాడు, 1907 ఏప్రిల్‌లో అవి వాటంతట అవే ఆగిపోయాయి. ఆలోపు ఉరితీయాల్సినవాళ్లను తీసేశారు. 1906 నవంబరు 9న రైతు గ్రామ సముదాయం నుంచి విడిపోవచ్చన్న శాసనం వచ్చింది. అది పూర్తి చట్టమైంది 1910లో, ఈలోగా క్షేత్రంలో నాలుగేళ్లు అమలైపోయింది, వెనక్కి తిప్పే వీలు లేదు. ఇక 1911 మార్చిలో పశ్చిమ రాష్ట్రాల్లో జెమ్‌స్త్వోలు (స్థానిక పాలనా సంఘాలు) పెట్టే బిల్లును రాజ్య మండలి ఓడించింది. అప్పుడు రెండు సభలనూ సరిగ్గా మూడు రోజులు, 12 నుంచి 14 దాకా మూసేసి, ఆ సందులో 87తో అదే బిల్లును శాసనం చేశాడు. దాన్ని మెచ్చుకోవడానికి మితవాదుల్లో కూడా ఎక్కువమంది మిగల్లేదు.

87 ముట్టుకోలేనిది ఎన్నికల చట్టం. అందుకే 1907 జూన్ 3న రెండో డూమాను రద్దు చేసి కొత్త ఎన్నికల చట్టం తెచ్చినప్పుడు ఏ అధికరణమూ ఆధారంగా చూపలేకపోయారు. మొదటి ఎన్నికల చట్టం ఇచ్చిన చారిత్రక జారు అధికారమే దాన్ని మార్చగలదని ప్రకటనలో రాశారు. చట్టం నుంచి తీసేసిన "అపరిమితం" ప్రకటనలో తిరిగి వచ్చి కూర్చుంది. కొత్త లెక్క సుమారుగా ఇది: భూస్వాముల్లో 230 మందికి ఒక ఎలెక్టర్ (డూమా సభ్యులను ఎన్నుకునేవాడు), రైతుల్లో 60,000 మందికి ఒకడు, కార్మికుల్లో 1,25,000 మందికి ఒకడు.

నా తీర్పు: అది రాజ్యాంగమే, కానీ దానికి కాపలా లేదు. మాక్స్ వేబర్ 1906లోనే బూటకపు రాజ్యాంగవాదం అన్నాడు. నాకది కొంచెం కఠినంగా తోస్తుంది. బూటకమైతే జూన్ 3 చేయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఇంకో కాగితం తప్పకుండా చూడండి: 1881 ఆగస్టు 14 నాటి "పటిష్ఠ రక్షణ" నిబంధనలు. మూడేళ్లకని తెచ్చి 1917 దాకా పొడిగిస్తూ పోయారు. అది ప్రకటించిన చోట గవర్నరు విచారణ లేకుండా మూడు నెలల జైలు గానీ 500 రూబుళ్ల జరిమానా గానీ వేయొచ్చు. 1905 అక్టోబరు మానిఫెస్టోలో జారు ఇచ్చిన పౌరహక్కులు చాలా జిల్లాల్లో ఈ నిబంధన గుమ్మం దాటి లోపలికి రాలేదు.

---

పాదసూచిక

ఎర్రగీత గారూ, "కాపలా లేదు" అన్నది బాగుంది. ఒక చేర్పు. 1905 డిసెంబరు ఎన్నికల చట్టం రైతులకు అన్ని సీట్లు ఎందుకు ఇచ్చిందో చెప్పాలి. అది ఉదారత కాదు, ఉవారొవ్ సూత్రాన్ని ఓట్లలోకి మార్చడం. రైతు జారు భక్తుడు, పట్నం మేధావులకు పగ్గం వేస్తాడు అని లెక్క. వచ్చిన రైతు ప్రతినిధులు త్రుదొవిక్‌లు అనే డూమా బృందంగా కూడి, 104 మంది సంతకాలతో భూమి బిల్లు పెట్టారు: సొంతంగా దున్నగలిగినంత మించి ఉన్న భూస్వాముల భూమిని తీసేసుకుని ఉమ్మడి నిధిలో కలపమని. మొదటి డూమా 72 రోజులకే మూతపడటానికి పెద్ద కారణం ఈ భూమి ప్రశ్నే. ఒక్క వేసవిలో ఉవారొవ్ మూడో మాట, జాతీయత, విరిగిపోయింది.

---

మూడోవరస

అసలు రుచి మూడో ప్రశ్నలోనే ఉంది. కాస్త పొడవవుతుంది, ఓపిక పట్టండి.

"మీర్" లేదా "ఓబ్షినా" అనే గ్రామ సముదాయం ఈ కథకంతటికీ ఇరుసు. భూమి ఊరి ఉమ్మడి, కుటుంబాల పరిమాణం బట్టి అప్పుడప్పుడు పంపకాలు, పన్నుకు ఊరంతా పూచీ. 1843లో రష్యా తిరిగిన ప్రష్యన్ బారన్ హాక్స్‌ట్‌హౌజెన్ దీని గురించి రాశాక యూరప్‌కు తెలిసింది. ఆ ఒకే వస్తువును ఎవరెవరు ఎలా చూశారో చూడండి.

హొమ్యకోవ్, కిరేయెవ్‌స్కీ, కొన్‌స్తంతీన్ అక్సాకొవ్ వంటి స్లావోఫిల్‌లకు, అంటే యూరప్ దారి కాక రష్యా సొంత దారే మేలన్నవాళ్లకు, అది క్రైస్తవ ఐకమత్యానికి, "సొబోర్నొస్త్"కు నమూనా. అక్సాకొవ్ 1855లో రెండో అలెగ్జాండర్‌కు ఇచ్చిన పత్రంలో పాలించే హక్కు జారుది, మాట్లాడే, బతికే స్వేచ్ఛ జనానిది అన్నాడు. అంటే పార్లమెంటు వద్దు, సెన్సారూ వద్దు. పోలీసులు వీళ్లను కూడా నమ్మలేదు, అది వేరే సంగతి.

పాశ్చాత్యవాదిగా మొదలైన హెర్జెన్ 1848 విప్లవాలు ఓడాక అదే మీర్‌లో సోషలిజం బీజం చూశాడు: రష్యా పెట్టుబడిదారీ దశ దాటకుండానే అటు వెళ్లొచ్చని. నరోద్నిక్ సిద్ధాంతమంతా ఈ ఒక్క వాక్యం మీద కట్టిన ఇల్లు.

ప్రభుత్వానికేమో మీర్ అంటే వసూళ్ల యంత్రం. 1861 ఫిబ్రవరి 19 విముక్తి లెక్క చేసి చూస్తేనే ఇది అర్థమవుతుంది. భూస్వాముల కింద ఉన్న సుమారు 2 కోట్ల 30 లక్షల మందికి స్వేచ్ఛ వచ్చింది, భూమి మాత్రం కొనుక్కోవాలి. ధర కట్టింది భూమి విలువను బట్టి కాదు, అప్పటిదాకా చెల్లించిన వార్షిక శిస్తును బట్టి, దాన్ని 6 శాతం వడ్డీగా భావించి. ఉదాహరణకు శిస్తు ఏడాదికి 10 రూబుళ్లు అనుకోండి. 10ని 0.06తో భాగిస్తే ధర 166 రూబుళ్ల 67 కొపెక్కులు. పూర్తి కమతమైతే అందులో 80 శాతం, 133 రూబుళ్ల 33 కొపెక్కులు, ప్రభుత్వం భూస్వామికి బాండ్లలో ఇస్తుంది. మిగతాది రైతు భూస్వామికే ఇచ్చుకోవాలి. ప్రభుత్వం బాకీ మీద ఏడాదికి 6 శాతం, అంటే 8 రూబుళ్ల చొప్పున 49 ఏళ్లు. మొత్తం 392 రూబుళ్లు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఉత్తరాదిన నేల సారం తక్కువ, శిస్తు వచ్చేది రైతు పట్నం పోయి చేసిన కూలి నుంచి, చేతిపనుల నుంచి. ఆ శిస్తును భూమి ధరగా మార్చేసరికి రైతు తన శరీరాన్ని కూడా తానే కొనుక్కున్నట్టయింది. చట్టంలో వ్యక్తి స్వేచ్ఛ ఉచితమే. లెక్కలో కాదు.

బాకీకి ఊరంతా పూచీ కాబట్టి ఊరు వదిలి పోనివ్వడం కష్టం. 1893 డిసెంబరు 14 చట్టం ముందుగా బాకీ తీర్చి భూమితో విడిపోవడానికి సముదాయంలో మూడింట రెండు వంతుల ఒప్పుదల తప్పనిసరి చేసింది. పదమూడేళ్లకు అదే ప్రభుత్వం అదే మీర్‌ను పగలగొట్టడానికి 87వ అధికరణం వాడింది. మీర్ జారుకు కోట అనుకున్నారు, 1905లో మీర్ సభలే భూస్వాముల గడ్డివాములకు నిప్పు పెట్టే తీర్మానాలు చేశాయి.

ఇప్పుడు నరోద్నిక్‌లు. 1870ల్లో మూడు పాయలు, కలిపేయకండి. లవ్రోవ్: ముందు ప్రచారం, చదువు, మేధావి జనానికి బాకీపడ్డాడు. బకూనిన్: రైతు పుట్టుకతోనే తిరుగుబాటుదారు, నిప్పు పెడితే చాలు. త్కచోవ్: రష్యా రాజ్యం ఏ వర్గం మీదా ఆనక గాలిలో వేలాడుతోంది, కొద్దిమంది కూడి ఇప్పుడే పట్టుకోవాలి, పెట్టుబడిదారీ వేళ్లూనితే ఇక కుదరదు. ఈ మూడోవాణ్ణి 1917కు ముత్తాత అంటారు కొందరు. పోలిక ఉంది, వంశవృక్షం గీసేంత లేదు.

1874 వేసవిలో వేలమంది యువత పల్లెలకు పోయారు. రైతులు కొన్నిచోట్ల వాళ్లను పోలీసులకు పట్టిచ్చారు. అంతకన్నా చేదైన పాఠం 1876-77లో కీవ్ గుబేర్నియా (రాష్ట్రం)లోని చిగిరీన్‌లో ఉంది. స్తెఫనోవిచ్, డైచ్, బొహనోవ్‌స్కీ అనే ముగ్గురు విప్లవకారులు జారు పేరుతో "రహస్య ఫర్మానా" అచ్చువేశారు: నేను మీకు భూమి ఇచ్చాను, దొరలు అడ్డుపడుతున్నారు, రహస్య దళాలు కట్టి లేవండి అని. దాదాపు 1,000 మంది రైతులు ప్రమాణం చేసి చేరారు. సొంత పేరుతో అడిగితే పట్టించిన రైతు జారు సంతకం చూపిస్తే ఆయుధం పట్టడానికి సిద్ధపడ్డాడు. 1877లో అంతా బయటపడింది. విప్లవ వర్గాల్లోనే అబద్ధం మీద విప్లవమా అని పెద్ద గొడవ.

చిగిరీన్ రైతు అమాయకుడని తేల్చేయకండి. కొసాక్ తిరుగుబాటు నాయకుడు పుగచోవ్ 1773లో తాను చచ్చిపోయిన మూడో పీటర్‌ను అన్నప్పుడూ ఇదే జరిగింది. జారు మంచివాడు, ఇచ్చేశాడు, మధ్యవాళ్లు దాచారు అనే మాట తిరగబడటానికి చట్టబద్ధమైన ముసుగు కూడా. అందులో భక్తి ఎంత, ఎత్తుగడ ఎంత అనేది పోలీసు విచారణ కాగితాల నుంచి తేల్చడం కష్టం.

1879లో "జెమ్ల్యా ఇ వోల్యా" అనే నరోద్నిక్ సంస్థ రెండుగా చీలింది. ఒకటి నరోద్నయా వోల్యా, 1881 మార్చి 1న రెండో అలెగ్జాండర్‌ను చంపింది. రెండోది ప్లెఖానొవ్ ఉన్న చోర్నీ పెరెదేల్. 1883లో జెనీవాలో మొదటి రష్యన్ మార్క్సిస్టు బృందం పెట్టినవాళ్లలో ప్లెఖానొవ్, జసూలిచ్‌లతో పాటు డైచ్ కూడా ఉన్నాడు. అవును, చిగిరీన్ ఫర్మానా డైచే. రైతును వదిలి కార్మికుడి వైపు తిరగడం వెనక పుస్తకాలే కాదు, ఇలాంటి దెబ్బలూ ఉన్నాయి.

---

తేదీలగోల

చిన్న జాగ్రత్త. పైన రష్యా లోపలి తేదీలన్నీ పాత పంచాంగంవి. 19వ శతాబ్దపు తేదీకి 12, 20వ శతాబ్దపు తేదీకి 13 రోజులు కలపాలి. 1918లో జనవరి 31 మర్నాడు ఫిబ్రవరి 14 అయింది, అక్కడితో తేడా పోయింది.

దేశం బయట రాసిన ఉత్తరాల దగ్గర బోల్తా పడతారు. మీర్ నుంచి నేరుగా సోషలిజానికి వెళ్లొచ్చా అని జసూలిచ్ జెనీవా నుంచి మార్క్స్‌కు రాసింది 1881 ఫిబ్రవరి 16, ఆయన జవాబు మార్చి 8. రెండూ కొత్త పంచాంగం. జారు హత్య మార్చి 1 అని చూసి, జవాబు హత్య తర్వాత వచ్చిందని రాసేస్తారు. హత్య కొత్త లెక్కలో మార్చి 13, అంటే జవాబు రాసిన ఐదు రోజులకు.

---

మెట్లదారి

అందరికీ ధన్యవాదాలు. చిగిరీన్ సంగతి నేను ఎక్కడా చదవలేదు. రెండు అనుబంధ ప్రశ్నలు. మార్క్స్ ఆ జవాబులో ఏమన్నాడు, రష్యన్ మార్క్సిస్టులు దాన్ని ఏం చేశారు? రెండు, లెనిన్ ప్రభుత్వం 1917లో తెచ్చిన భూమి డిక్రీ ఎస్సార్‌ల (రైతుల పక్షం వహించిన సోషలిస్టు రివల్యూషనరీ పార్టీ) కార్యక్రమమే అంటారు కదా, మరి గెలిచిందెవరు?

---

ఎర్రగీత

జవాబు చిన్నది, దానికి రాసుకున్న చిత్తుప్రతులు చాలా పెద్దవి. సారం: "పెట్టుబడి"లో చెప్పిన చారిత్రక అనివార్యత పశ్చిమ యూరప్ దేశాలకే పరిమితం, నాలుగు వైపులా నొక్కేస్తున్న ఒత్తిళ్లు తొలగిస్తే మీర్ రష్యా పునరుజ్జీవనానికి ఊతం కాగలదు. ప్లెఖానొవ్ బృందం దాన్ని అచ్చు వేయలేదు, 1924 దాకా లోకానికి తెలియలేదు. రెండేళ్లకే వాళ్లు కట్టిన సిద్ధాంతం దీనికి పూర్తిగా ఎదురు: పెట్టుబడిదారీ తప్పదు, మీర్ కూలుతుంది, ముందు బూర్జువా విప్లవం, చాలాకాలం తర్వాత సోషలిస్టు విప్లవం.

"పెట్టుబడి" రష్యన్ అనువాదం 1872లో సెన్సారు దాటింది. ఇంత కష్టమైన పుస్తకం ఎవడు చదువుతాడు, చదివినా ఎవడికి అర్థమవుతుంది అనేది వాళ్ల ధీమా. అది తొలి విదేశీ అనువాదం కూడా.

1903లో రష్యన్ మార్క్సిస్టు పార్టీ చీలిక గురించి ఒక అపోహ తొలగించాలి. పార్టీ సభ్యుడెవరు అనే మొదటి నిబంధన మీద ఓటులో లెనిన్ ఓడాడు, మార్తొవ్ ప్రతిపాదించిన రూపానికి 28 ఓట్లు వచ్చాయి. తర్వాత బుంద్ (యూదు కార్మికుల సంఘం) ప్రతినిధులు ఐదుగురు, "ఆర్థికవాదులు" (కార్మికుల ఆర్థిక పోరాటాలకే పెద్దపీట వేసినవాళ్లు) ఇద్దరు లేచిపోవడంతో మిగిలినవాళ్లలో లెనిన్‌కు ఆధిక్యం దక్కింది, పార్టీ పత్రిక "ఇస్క్రా" సంపాదక వర్గాన్ని ఆరుగురి నుంచి ముగ్గురికి కుదించాడు. "బోల్షెవిక్" (ఆధిక్యం ఉన్నవాళ్లు) అన్న పేరు అక్కడిది. ఆ ఏడాది నవంబరుకే ఇస్క్రా చేజారింది, పేరు మాత్రం వదల్లేదు.

సిద్ధాంతంలో అసలు తేడా 1905లో తేలింది. ముగ్గురూ రాబోయేది బూర్జువా విప్లవమనే మొదలుపెడతారు. మెన్షెవిక్‌లు (మార్తొవ్ వర్గం): అయితే బూర్జువాలే నడిపించాలి, మనం ఎడం వైపు నుంచి నెట్టాలి. లెనిన్: బూర్జువాలు జారుతో రాజీపడతారు, కార్మికులు, రైతులు కలిసి ప్రజాతంత్ర నియంతృత్వం పెట్టాలి, అయినా అది బూర్జువా హద్దు దాటదు. త్రోత్‌స్కీ: అధికారం చేతికొచ్చిన కార్మికవర్గం ఆ హద్దు దగ్గర ఆగలేదు, యూరప్ విప్లవం తోడురాకపోతే నిలవలేదు. 1917 ఏప్రిల్ 4న లెనిన్ ఏప్రిల్ థీసిస్‌తో, విప్లవం బూర్జువా హద్దు దగ్గర ఆగకూడదంటూ, తన పాత గీత తానే దాటాడు. నాలుగు రోజులకు పార్టీ పెత్రొగ్రాద్ కమిటీ ఆ థీసిస్‌ను 13-2 ఓట్లతో తిరస్కరించింది, సహచరుడు కామెనెవ్ పార్టీ పత్రిక "ప్రావ్దా"లోనే ఎదురు రాశాడు. నెలాఖరు సమావేశానికి గాలి తిరిగింది. పార్టీ అంతా లెనిన్ వెనక ఒక్క గొంతుతో నడిచిందని రాసేవాళ్లు ఈ మూడు వారాలను మింగేస్తారు.

---

మూడోవరస

భూమి డిక్రీ సంగతి. అక్టోబరు 26 రాత్రి లెనిన్ చదివిన డిక్రీలో పెద్ద భాగం ఆయన రాసింది కాదు. 242 స్థానిక రైతు నివేదనల నుంచి ఎస్సార్‌ల ఆధ్వర్యంలోని రైతు పత్రిక ఆగస్టులో కూర్చిన పత్రం. భూమి అమ్మకం రద్దు, కూలి మనుషుల్ని పెట్టడం నిషేధం, శ్రమ లేదా తినే నోళ్ల లెక్కన పంపకం, అప్పుడప్పుడు మళ్లీ పంపకం. అచ్చంగా మీర్. బోల్షెవిక్ సిద్ధాంతం కోరింది జాతీయం చేయడం, పెద్ద క్షేత్రాలు. ఇది ఎస్సార్‌లు రాసింది కదా అని సభలో కేకలు వేస్తే, కింది జనం నిర్ణయాన్ని మనం ఒప్పుకోకపోయినా కాదనలేం అన్న ధోరణిలో లెనిన్ జవాబిచ్చాడు.

పల్లెల్లో అప్పటికే పంపకాలు జరిగిపోతున్నాయి. ఎస్సార్ నాయకుడు చెర్నోవ్ తాత్కాలిక ప్రభుత్వంలో మే నుంచి ఆగస్టు దాకా వ్యవసాయ మంత్రిగా ఉన్నాడు. కాని పొత్తులో ఉన్న కాడెట్‌లు (ఉదారవాద పార్టీ), యుద్ధం, "రాజ్యాంగ సభ తేలుస్తుంది" అనే చట్టబద్ధత కలిసి చేతులు కట్టేశాయి. సొంత కార్యక్రమాన్ని సొంత మంత్రి అమలు చేయలేకపోయాడు, ఇంకొకరు వచ్చి సంతకం పెట్టారు.

ఓట్లలో మాత్రం గెలిచింది ఎస్సార్‌లే. నవంబరు రాజ్యాంగ సభ ఎన్నికల్లో వాళ్లకు సుమారు 40 శాతం, బోల్షెవిక్‌లకు 24 శాతం దగ్గర. చిక్కేమిటంటే అభ్యర్థుల జాబితాలు ఎస్సార్ పార్టీ కుడి, ఎడమలుగా చీలకముందు తయారయ్యాయి. రైతు ఏ ఎస్సార్‌కు ఓటు వేశాడో ఓటు చీటీ చెప్పదు. బోల్షెవిక్‌లు సభను రద్దు చేయడానికి చూపిన కారణాల్లో ఇదొకటి. వాదనలో పస ఉంది, కానీ దానికి విరుగుడు మళ్లీ ఎన్నిక పెట్టడం, మూసేయడం కాదు.

సభ 1918 జనవరి 5 సాయంత్రం తౌరిదా భవనంలో కూడింది, చెర్నోవ్ అధ్యక్షుడు. మర్నాడు తెల్లవారుజామున నాలుగు దాటాక కాపలాదళం నావికుడు జెలెజ్న్యకోవ్ వేదికెక్కి, కాపలావాళ్లు అలసిపోయారు, హాలు ఖాళీ చేయండి అన్నాడు. చెర్నోవ్ గబగబా చదివి ఓటుకు పెట్టినవాటిలో మొదటిది భూమి చట్టం: భూమి మీద సొంత హక్కు రద్దు. రెండు నెలల క్రితం డిక్రీ చెప్పినదే. మధ్యాహ్నానికి భవనం తలుపులకు తాళం పడింది. పల్లెల్లో ఆ శీతాకాలమంతా మీర్ సభలు కొలతకర్రలతో తమ పని చేసుకుపోతూనే ఉన్నాయి.